రేణిగుంట ఎండలో పీపాప్: నా అనుభవం

మొన్న శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మెయిల్ వచ్చింది, మేము చేసే కారు పార్టుకి పీపాప్ అనే అనుమతి ఫైలులోని వారంట్ (ఆమోదం కాగితం) మీద సంతకం పెట్టి అప్రూవ్డ్ అని. నాలుగు నెలలు పట్టింది. ఆ కోపమూ ఈ సంతోషమూ రెండూ చల్లారకముందే రాస్తున్నాను. శ్రీసిటీ వైపు ఇసుజు, హీరో వచ్చాక మా వైపు చిన్న షెడ్డుల వాళ్ళందరికీ ఆటోమొబైల్ పని మీద ఆశ పుట్టింది. అందులో దిగబోయేవాళ్ళకి ఇది పనికొస్తుంది.

నాది రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో చిన్న షెడ్డు. రెండు సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు (కంప్యూటర్‌తో నడిచే లేత్‌లు), ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్), తొమ్మిదిమంది మనుషులు. ఐటీఐ చదివి లేత్ మీద చెయ్యి పెట్టి 26 ఏళ్ళయింది. పని ఏమిటంటే, చెన్నై దగ్గర ఒరగడం వైపు ఉన్న ఒక కంపెనీ అల్యూమినియం కాస్టింగులు పంపుతుంది, మేము మెషినింగ్ చేసి తిరిగి పంపాలి. వాళ్ళు దాన్ని అసెంబ్లీ చేసి కార్ల కంపెనీకి ఇస్తారు. అందులో ముఖ్యమైనది బుష్ కూర్చునే 40 మిల్లీమీటర్ల బోర్, అంటే గుండ్రటి రంధ్రం. టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) హెచ్7, అంటే 40.000 నుంచి 40.025 దాకా. మొత్తం 25 మైక్రాన్ల సందు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

మొదటి మెట్లు సులువే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంట్లో కూర్చుని పావుగంటలో చేసుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. బజారులో దీనికి రెండు వేలు అడిగేవాళ్ళని దగ్గరికి రానివ్వకండి. ఐఎస్ఓ 9001 నాణ్యత సర్టిఫికెట్ మాకు ముందే ఉంది. కొటేషన్‌కి మూడుసార్లు బేరమాడారు, ఒప్పుకున్నాం. పీసుని కదలకుండా బిగించే ఫిక్స్చర్ మేమే చేసుకున్నాం, అది మాత్రం ఎవరూ వంక పెట్టలేనంత బాగా వచ్చింది.

ఇక పీపాప్. కొత్త పార్ట్‌ని కారులో వాడడం మొదలెట్టే ముందు, ఇది రోజూ ఇలాగే చేయగలమని సప్లయర్ రుజువు చేసే ఫైలు అది. మొత్తం 18 అంశాలు, ఐదు లెవెల్స్. మామూలుగా అడిగేది మూడో లెవెల్. మామూలు ప్రొడక్షన్ నడిచినట్టే నడిపి వరసగా 300 పీసులు తియ్యాలి, కొలతల లెక్క కట్టాలి. కొలతలు ఆ సందులో ఎంత నిలకడగా ఉంటాయో చెప్పే అంకె, ప్రాసెస్ సామర్థ్యం, 1.67 దాటాలి. మాది 1.71 వచ్చింది. సగటు సరిగ్గా సందు మధ్యలో, 40.012 దగ్గర. మా సెట్టర్ ఆ గ్రాఫు తీసి గోడకి అంటించాడు.

పది రోజులకి ఫోను, రమ్మని. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా తెల్లవారుజామున బయల్దేరి పదింటికి గేటు దగ్గరికి చేరాను. పన్నెండున్నర దాకా సెక్యూరిటీ షెడ్డులోనే కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక చూస్తే, మీటింగ్ హాల్లో బల్ల మీద ఎర్ర బిన్ను, అందులో మా పీసులు. 300లో 112 బోర్ చిన్నదయిందని రిజెక్ట్. అక్కడ ఇంకో ఇద్దరు సప్లయర్లు తమ పని కోసం వచ్చి ఉన్నారు. ఆ క్వాలిటీ అబ్బాయికి ముప్పై కూడా నిండి ఉండవు. వాళ్ళని వెళ్ళమనకుండా, అందరి ముందూ నా చేతికి ప్లగ్ గేజ్ (బోర్‌లోకి దించి కొలత సరిచూసే ఉక్కు ముక్క) ఇచ్చి, 'మీరే దించి చూపండి సార్' అన్నాడు.

దించాను. దిగలేదు. ఇంకో పీసు తీసుకున్నాను. అదీ దిగలేదు. మూడోదానికి మూతి దగ్గరే ఆగింది. అదే పీసు మా షెడ్డులో నా కళ్ళ ముందే గేజ్ మింగింది! చేతులు వణికాయి, చెప్పుకోవడానికి సిగ్గులేదు. అప్పుడా అబ్బాయి పక్కవాడితో అరవంలో, లడ్డూ చుట్టుకునేవాళ్ళకి మైక్రాన్లు ఎందుకు అన్నాడు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి అరవం రాదనుకున్నాడేమో. కొండ మీద లడ్డూకి కూడా దిట్టం ఉంది నాయనా, ఎంత పప్పు, ఎంత నెయ్యి అని కొలిచి వేస్తారు అని చెప్పాలనిపించింది. నోరు తెరవలేదు. షెడ్డులో తొమ్మిదిమందికి నెలనెలా జీతాలు ఇవ్వాలి కదా.

తిరిగొచ్చి మెషీన్‌లో కోసే ఇన్సర్ట్ మార్చాం, కొత్త బోరింగ్ బార్ కొన్నాం, స్పిండిల్ చెక్ చేయించాం. మళ్ళీ 300 పంపాం. మళ్ళీ 94 వెనక్కి. ఈసారి కాస్టింగుల ఖర్చు మా నుంచి రాబట్టే డెబిట్ నోట్ కూడా వేశారు. 'అన్నా, మన బోర్ తప్పు కాదన్నా' అని సెట్టర్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా ఆవిడ అయితే ఈ పని వదిలేసి పాత పంపుల రిపేరు చూసుకోమంది. నిజంగానే వదిలేద్దామనుకున్నాను.

వదలకుండా ఉండడానికి కారణం వాళ్ళ కంపెనీలోనే ఇంకో మనిషి. సప్లయర్లని చూసుకునే విభాగంలో పెద్దాయన, గుడియాత్తం వైపు తెలుగువారు. నేను రాసిన పొడుగాటి మెయిల్ చదివి, ఎవరూ పంపకుండానే మే నెలలో బస్సెక్కి వచ్చారు. రాగానే ఫైలు అడగలేదు. రిజెక్ట్ అయిన పీసుల ట్రే నంబర్లు చూసి, ఇవి ఏ షిఫ్టువి అన్నారు. వెతికితే దాదాపు అన్నీ మధ్యాహ్నం తీసినవే. నైట్ షిఫ్ట్‌వి అన్నీ పాసయ్యాయి. రెండు నెలలుగా మాకు గానీ ఆ అబ్బాయికి గానీ ఈ లెక్క తట్టలేదు.

తర్వాత మెషీన్ నుంచి దిగిన జాబ్ (పీసు) మీద అరచెయ్యి పెట్టారు. 'మాస్టర్ రింగ్ ఎక్కడ పెడతారు?' అని అడిగారు. గేజ్‌ని సరిచూసుకోవడానికి వాడే, కచ్చితమైన కొలత ఉన్న ఉక్కు రింగు అది. ఖరీదైన వస్తువు కదా అని దాన్ని నా ఆఫీసు గదిలో బీరువాలో, ఏసీలో పెట్టాను. దానితో బోర్ గేజ్ సున్నా చేసుకుని షెడ్డులోకి తీసుకుపోతాం. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశారు. ఆఫీసు గదిలో 27 డిగ్రీలు, రేకుల షెడ్డులో ఆ వేళకి 42. 40 మిల్లీమీటర్ల అల్యూమినియం బోర్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.9 మైక్రాన్ సాగుతుంది. ఉక్కు అందులో సగం. ఆ 15 డిగ్రీల తేడాకే బోర్ 14 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తోంది. వాళ్ళ సీఎంఎం (కొలతలు తీసే మెషీన్) గదిలో 20 డిగ్రీలు, అది 1931 నుంచి ప్రపంచమంతా కొలతలకి ఒప్పుకున్న వేడి. 27లో మా ఉక్కు రింగూ కొంత సాగి ఉంటుంది కాబట్టి, అక్కడికి పోయేసరికి ఇంకో 3 మైక్రాన్లే తగ్గుతుంది. మొత్తం 17. మా సగటు 12. ఇంకేం మిగిలింది? మా ప్లగ్ గేజ్ షెడ్డులోనే ఉంటుంది, దాని కంటే బోర్ రెండింతలు సాగింది కాబట్టి హాయిగా దిగింది.

తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క మాట గట్టిగా అంటాను: ఏ వేడిలో కొలుస్తున్నారు అని వాళ్ళు మొదట్లోనే అడిగి ఉంటే 206 పీసులు తుక్కు అయ్యేవి కావు. మా కాగితాల్లో గది ఉష్ణోగ్రత రాసే గడి ఉంది, మేము ఖాళీగా వదిలేశాం, వాళ్ళు ఖాళీగానే ముద్ర వేశారు.

టీ తాగుతూ పెద్దాయన ఒక సంగతి చెప్పారు. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో కరియా దగ్గర ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టొయోటా బ్రేకుల్లో వాడే ఒక వాల్వ్ దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. నిల్వలు పెట్టుకోని పద్ధతి కాబట్టి టొయోటా ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. ఐసిన్ తన డ్రాయింగులు అందరికీ ఇచ్చింది. 60కి పైగా కంపెనీలు, కుట్టుమిషన్లు చేసే బ్రదర్ అనే కంపెనీ కూడా, తమ మెషీన్ల మీద ఆ వాల్వులు చేసిపెట్టాయి. వారం రోజుల్లో కార్లు మళ్ళీ కదిలాయి. 'ఎవరి తప్పు అని కూర్చుని ఉంటే అయ్యేదా నాయనా?' అన్నారు. ఆ మాట నేను షెడ్డులో అందరికీ చెప్పాను.

తర్వాత పని తేలికే. మెషీన్ల పక్కనే అద్దాల గది కట్టి చిన్న ఏసీ పెట్టాం. రింగు, గేజ్, జాబ్ మూడూ అక్కడే రెండు గంటలు ఉన్నాకే కొలుస్తాం. అదే అల్యూమినియంతో ఒక మాస్టర్ జాబ్ (పోల్చుకునే నమూనా పీసు) చేసి వాళ్ళ సీఎంఎంలో కొలిపించి తెచ్చుకున్నాం. ఉదయమూ మధ్యాహ్నమూ రెండు చోట్లా దాన్నే కొలిచి తేడా రాసుకుంటున్నాం. మూడోసారి పంపిన 300లో ఒక్కటీ వెనక్కి రాలేదు.

కొత్తగా దిగేవాళ్ళకి చెప్పేది: డ్రాయింగ్ చేతికొచ్చిన రోజే మీరు ఏ గేజ్‌తో, ఏ గదిలో కొలుస్తారు అని రాతపూర్వకంగా అడగండి. వాళ్ళ గేజ్ ఒక వారం అప్పు అడగండి, ఇస్తారు. డబ్బు సంగతీ మొదటే తేల్చుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకి 45 రోజులు దాటి బాకీ పెడితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలి. మా ఆర్డర్‌లో 90 రోజులు అని అచ్చువేసి పంపారు. నేను కొట్టేసి 45 అని రాసి సంతకం పెట్టి పంపాను. అడగలేదు, ఒప్పుకున్నారు.

సోమవారం నుంచి వారానికి 500 పీసుల షెడ్యూల్ వచ్చింది. పెద్దాయనకి ఫోన్ చేస్తే, రింగు బీరువాలో పెట్టలేదు కదా అన్నారు. కాస్టింగుల డెబిట్ నోట్ మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. ట్రే నంబర్లు, షిఫ్టుల కాగితం జతచేసి రేపు పొద్దున మళ్ళీ మెయిల్ పెడుతున్నాను.