నవమి చంద్రుడు, అట్టు చిల్లులు

నిన్న శుద్ధ నవమి. ఏడున్నరకే ఆరంగుళాల టెలిస్కోపు డాబా మీదికి మోసుకెళ్లాను. అందరూ పున్నమి నాడు చూద్దామంటారు గానీ, దానంత దండగ రోజు ఇంకోటి లేదు. ఎండ నిట్టనిలువునా పడి నీడలే ఉండవు. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరే అసలు సరుకంతా.

93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలానికి అప్పుడే తెల్లవారుతోంది. అంచు మెరుస్తోంది, అడుగంతా కాటుక. దక్షిణాన, మేఘాల సముద్రం అనే మైదానంలో రూపెస్ రెక్టా: 110 కిలోమీటర్ల నల్లటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు. నిలువు గోడలా కనిపిస్తుంది గానీ నిజానికి మామూలు వాలే. నీడ వల్లే ఆ బడాయి.

120 రెట్లు పెంచితే చంద్రుడు నిమిషంన్నరలో జారిపోతాడు. అత్తయ్య కన్ను పెట్టేలోపు రెండుసార్లు పారిపోయాడు. మూడోసారి దొరికాక, "కుందేలు ఏదమ్మా?" అన్నారు. నా టెలిస్కోపులో అన్నీ తలకిందులే, కుందేలుతో సహా. ఇంతలో క్లేవియస్ అనే పెద్ద బిలం, దాని లోపల వరసగా చిన్న బిలాలు కనబడ్డాయి కాబోలు, "పెనం మీద అట్టుకు చిల్లులు పడ్డట్టున్నాయే!" అన్నారు.

ఆ తర్వాత అరగంట దాకా నా వంతు రాలేదు.