మ్యాపులో ఉన్న ఊళ్లు

మా సైటు ఆఫీసు కంటైనరు గోడకి ఒక పెద్ద మ్యాపు ఉండేది. సైబీరియాలో తోమ్స్క్ ప్రాంతంలోని కార్గసోక్ జిల్లా మ్యాపు. రాజమండ్రి నుంచి వెళ్లిన మొదటి వారంలోనే దాని ముందు నిలబడి మన లెక్కల్లోకి మార్చుకున్నాను. విస్తీర్ణం 86,800 చదరపు కిలోమీటర్ల చిల్లర. అంటే ముక్కలు కాకముందటి మన తూర్పు గోదావరి జిల్లాలు ఎనిమిది. జనం మాత్రం ఇరవై వేలు, అటూ ఇటూగా. 2011 లెక్కల్లో తూర్పు గోదావరిలోనే 51 లక్షల మంది ఉన్నాం. ఇక్కడ మనిషికి వెయ్యెకరాలు వస్తుందని ఫోన్లో చెప్తే నాన్న "అక్కడే ఉండిపోరా" అన్నారు. అందులో బురదెంతో ఆయనకి చెప్పలేదు.

రాజమండ్రి వాడికి తోమ్స్క్‌లో ఏం పనంటే, చమురు. 2009లో ఓఎన్‌జీసీ విదేశీ విభాగం అక్కడ బావులున్న ఇంపీరియల్ ఎనర్జీ కంపెనీని కొన్నాక ఆ ఊరి పేరు మావాళ్ల నోళ్లలో నలగడం మొదలైంది. నేను వెళ్లింది వేరే కాంట్రాక్టరు తరఫున. నెల రోజులు సైట్లో, నెల సెలవు. దాన్ని 'వాఖ్త' అంటారు.

కార్గసోక్ వరకూ తోమ్స్క్ నుంచి రోడ్డుంది. ఆ పేరుకి అక్కడి పాత జనం సెల్కుప్‌ల భాషలో ఎలుగుబంటి అగ్రం, అంటే నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల, అని అర్థమట. జిల్లా జనంలో మూడోవంతుకి పైగా ఆ ఒక్క ఊళ్లోనే. అది దాటితే ఓబ్ నది, వాస్యుగన్ నది, మిగతాదంతా అడవీ చిత్తడీ. వాస్యుగన్ చిత్తడి 53 వేల చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలోని అతి పెద్ద చిత్తడి నేలల్లో ఒకటి. ఎండాకాలం అందులో కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది, దోమలు నోట్లోకి పోతాయి. కాబట్టి లారీలు నడిచేది చలికాలంలోనే. మంచుని తొక్కించి, నీళ్లు పోసి గడ్డ కట్టించి రోడ్డు వేస్తారు. దాని పేరు 'జిమ్నిక్'. వసంతం రాగానే ఆ రోడ్డు ఉండదు. పాడవడం కాదు, అసలు ఉండదు. ఇంక హెలికాప్టరే.

గడ్డ కట్టిన నది దాటేటప్పుడు మా డ్రైవరు సీటుబెల్టు తీసేసి, తలుపు ఓరగా తెరిచి పట్టుకునేవాడు. మైనస్ 38లో చలిగాలి చెవుల్ని కోస్తుంటే తలుపేయవయ్యా అన్నాను. మంచు విరిగితే దూకాలి కదా అన్నాడు, చాలా మామూలుగా. నేనూ బెల్టు తీసేశాను.

ఇక నేను చేసిన ఘనకార్యం. పైపుల లారీలు వస్తాయి, దారిలో రాత్రి ఆగడానికి చోటు కావాలి, లోకల్ లేబరు దొరుకుతారేమో చూడమని పైనుంచి మెయిలొచ్చింది. మ్యాపులో వాస్యుగన్ ఒడ్డు పొడుగునా ఊళ్ల పేర్లు కనిపించాయి. నాలుగు ఊళ్లు ఎంచి, ఇక్కడ బస, ఇక్కడ కూలీలు అని రిపోర్టు రాసి పంపేశాను. మర్నాడు క్యాంటీన్‌లో వంట చేసే పెద్దావిడ టీ తెచ్చి, నా పెన్సిలు గుర్తులు చూసి "ఇవేంటి, సినోక్?" అంది. అబ్బాయ్ అన్నట్టు ఆ పిలుపు. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పేర్ల పక్కన బ్రాకెట్లో సన్నగా ఉన్న మాట మీద వేలు పెట్టింది. 'నెజిల్'. అంటే నివాసం లేదు అని. నాలుగింటికి నాలుగూ అంతే.

ఆవిడ పుట్టింది అందులో మూడోదాంట్లో.

వాళ్ల తాతా మామ్మా ఆల్టాయ్ వైపు రైతులు. నాలుగు పశువులుంటే 'కులక్', అంటే డబ్బున్న రైతు, అని ముద్ర వేసి, 1931లో పడవలకెక్కించి తెచ్చి ఈ ఒడ్డున దింపేశారట. ఇళ్లు లేవు, గొడ్డళ్లు కూడా అందరికీ లేవు. అసలు ఈ చుట్టుపక్కలంతా కలిపి నరీమ్ ప్రాంతమంటారు, జార్ల కాలం నుంచీ ప్రవాస శిక్షకి పంపే చోటు. పక్క జిల్లాలోని నరీమ్‌కి 1912లో స్టాలిన్‌నీ పంపారు, కొద్ది వారాల్లోనే తప్పించుకుపోయాడు. తర్వాత ఆయన హయాంలోనే లక్షలమంది రైతుల్ని ఇటు తోలారు. "దేవుడు స్వర్గాన్ని చేస్తే సైతాను నరీమ్‌ని చేశాడు" అన్నది అక్కడి సామెత. బలవంతంగా తెచ్చినవాళ్లు కట్టిన ఊళ్లు కాబట్టి, వెళ్లొచ్చు అన్నాక పిల్లలు వెళ్లిపోయారు. బడి పోయింది, కొట్టు పోయింది, పడవ రావడం మానేసింది. 'నెజిల్' మిగిలింది.

రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. బసకి కంటైనర్లు మేమే లాక్కెళ్లాం. తిట్లు పడ్డాయనుకోండి, అది వేరే సంగతి.

జూన్‌లో త్రోయిత్స పండక్కి ఆవిడ అన్నగారి మోటారు పడవలో ఆ ఊరెళ్లొచ్చింది. అక్కడ సమాధులున్నాయి, గడ్డి కోసి, రొట్టె, ఉడికించిన గుడ్లు పెట్టి వస్తారట. వచ్చాక నా ఫోన్లో మా ఊరు చూపించమంది. రాజమండ్రి చూపించాను. గోదారి వెడల్పు చూసి "ఓబ్ లాగే ఉందే" అంది. నది వెంట పైకి జరిపి అమ్మమ్మగారి ఊరూ చూపించాను, దేవీపట్నం వైపు. పోలవరం ముంపులో ఖాళీ చేయించారు, ఇప్పుడక్కడ ఎవరూ లేరు అని నాకొచ్చిన రష్యన్‌లో చెప్పాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను దగ్గరికి తీసుకుని చూసింది.

"మరి పక్కన రాయలేదే?" అంది.