చెత్త సంచిలోంచి ఎలా తిరిగొస్తుంది?

ఈసారి బతుకమ్మ పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మకు, మా చిన్నది రానని భీష్మించుకు కూర్చుంది. దానికి 9 ఏళ్లు.

"పోయి రావమ్మా అని పాడి బతుకమ్మను ప్లాస్టిక్ తొట్టిలో వేస్తారు. అందరూ వెళ్లాక తీసి నల్ల సంచిలో కట్టేస్తారు. కిందటేడు నేను చూశాను. చెత్త సంచిలోంచి ఎలా తిరిగొస్తుంది అమ్మా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. జవాబు తోచనప్పుడు నాకు వచ్చేది కోపమే. "ఎదురు చెప్పకుండా లంగా కట్టుకో" అని అరిచాను. పిల్లల ప్రశ్నలకు విసుక్కోకండని ఇక్కడికి కొత్తగా వచ్చిన తల్లులకు చెప్పేది కూడా నేనే.

నా చిన్నప్పుడు మా ఊళ్లో పొద్దున్నే నాన్న తంగేడు, గునుగు కోసుకొచ్చేవారు. తెల్లటి గునుగును కట్టలు కట్టి, కాడలు సమంగా కత్తిరించి, రంగు నీళ్లలో ముంచేవాళ్లం. ఆ గులాబీ రంగు రెండు మూడు రోజులైనా గోళ్ల సందుల్లోంచి పోయేది కాదు. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, వరస మీద వరస పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపేది అమ్మ. సాయంత్రం వాడంతా బతుకమ్మలను ఎత్తుకుని చెరువు దారి పట్టేది. నీళ్లలో వదిలితే అది మెల్లగా తిరుగుతూ చీకట్లోకి వెళ్లిపోయేది. వచ్చే ఏడు అదే చేను గట్టున గునుగు మళ్లీ పూసేది. అందుకే ఎలా తిరిగొస్తుందని నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు మేముంటున్న చోట చెరువులో పూలు వేయనివ్వరు. అది సరైన నియమమే. కానీ సెలవు దొరకలేదని అంతకుముందు రెండేళ్లు అట్టపెట్టెలోంచి కాగితం పూల బతుకమ్మను తీసి ఆడించింది నేనే. పండుగలు వదలకండి, పిల్లలే నేర్చుకుంటారని అందరికీ చెబుతుంటాను. నా బిడ్డ నేర్చుకుంది. ఆ పాటను నాకంటే ఎక్కువ నమ్మింది. మరి నేను పట్టుబట్టింది దాని కోసమా, నా చెరువు మీది బెంగ కోసమా?

ఆరో రోజు అలిగిన బతుకమ్మ అని ఆ రోజు పూలే పేర్చం. అమ్మవారు అలిగితే రోజంతా ఊరుకుంటాం. పిల్ల అలిగితే నేను గంటసేపు ఆగలేకపోయాను.

చివరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆడాను, పాడాను, తొట్టిలో మాత్రం వేయలేకపోయాను. అలాగే ఇంటికి తెచ్చాను. మర్నాడు మా చిన్నది పెరట్లో గుంట తవ్వింది. పూలన్నీ అందులో పెట్టాక, "నీళ్లలో కదా కలపాలి" అన్నాను. మొక్కలకు నీళ్లు పోసే డబ్బా తెచ్చి, నిండా పోసి, "పోయి రావమ్మా" అంది.

మా అమ్మ ఫోను చేసి, బతుకమ్మను ఎక్కడ సాగనంపారని అడిగింది. పెరట్లో అని చెప్పడానికి నోరు రాలేదు.