3 నిమిషాల 20 సెకన్లు

ఈ రోజు మా ఇంట్లో విశేషమేమీ జరగలేదు. తెల్లవారుజామున నిద్రలోనే పాప భుజాలు నాలుగైదు సార్లు ఎగిరిపడ్డాయి, ఏడింటికి మందులు వేశాను, మధ్యాహ్నం ఫిట్స్ వచ్చి వాటంతట అవే ఆగాయి. డాక్టరుగారికి చూపించే నోటుపుస్తకంలో ఈ రోజుకు రెండు వరుసలు పట్టాయి.

పాపకు ఏడేళ్లు. ఆరో నెలలో జ్వరంతో మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు, పసిపిల్లలకు జ్వరంలో ఇలా రావడం మామూలేననీ ఎదిగేకొద్దీ పోతాయనీ చెప్పారు. అరగంట దాటినా ఆగకపోవడం, ఒకసారి కుడివైపు వస్తే మరోసారి ఎడమవైపు రావడం చూశాక కార్బమజెపైన్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టారు. ఫిట్స్ తగ్గలేదు సరికదా పెరిగాయి. మోతాదు చాలలేదనుకుని మరికొంత పెంచారు. జన్యుపరీక్షలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం బయటపడి, ఇది పసితనంలోనే మొదలయ్యే ద్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ జబ్బు అని తేలిన తరువాతే సంగతి అర్థమైంది. మెదడులో ఉద్రేకాన్ని అణచి ఉంచే కణాల్లోకి సోడియం వెళ్లే ద్వారాలు ఈ జబ్బులో ముందే సరిగా పనిచేయవు; ఆ మందు చేసే పని సోడియం ద్వారాలను అడ్డగించడమే. ఈ జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 2001లోనే తెలిసిందని చదివిన రోజున, అన్ని నెలలు నా చేత్తో కొలిచి పోసిన ఆ మందు గుర్తుకు వచ్చి చాలాసేపు కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయాను. ఆ బాధ ఇంకా తీరలేదు.

సరైన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛ అంటారు. ఇప్పుడు పాపకు వాల్‌ప్రొయేట్, క్లోబజామ్, స్టిరిపెంటాల్ మూడూ ఇస్తున్నాం. గంటల తరబడి సాగే ఫిట్స్ పోయాయి, కానీ వాటితోపాటు పాప ఆకలీ, చురుకుదనమూ కొంత పోయాయి.

మధ్యాహ్నం అన్నాచెల్లెళ్లిద్దరూ బొమ్మల పుస్తకం తిరగేస్తున్నారు. పాప బాగా నవ్వుతోంది. ఎక్కువ సంతోషం కూడా తనకు ఫిట్స్ తెప్పించగలదు కాబట్టి ఆ నవ్వు విన్నప్పుడల్లా నా చెవి అటే ఉంటుంది. ఒక తల్లికి ఇంతకన్నా అన్యాయమైన అలవాటు ఉండదనుకుంటాను. నవ్వు మధ్యలో తెగింది. చూపు ఒక పక్కకు తిరిగిపోయి, కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. పక్కకు ఒత్తిగిలించి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, పక్కటెముకల మీద చెయ్యి వేసి గడియారం చూశాను. నోట్లో ఏదీ పెట్టకూడదు, చేతులు అదిమి పట్టకూడదు. 5 నిమిషాలు దాటితే ఫిట్స్ ఆపే మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టాలి; మూడో నిమిషానికే స్ప్రే చేతిలోకి తీసుకున్నాను. 3 నిమిషాల 20 సెకన్లకు ఆగింది.

పాప నిద్రలోకి జారుకున్నాక వాడు అడిగాడు, "అమ్మా, చెల్లి ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి, చూశావా?" చూడలేదని చెప్పాను. ఆ కాసేపూ వాడు పాప ముఖం దగ్గర ముఖం పెట్టి, "నేనిక్కడే ఉన్నాను చెల్లీ" అంటూనే ఉన్నాడు. నా చూపు సెకన్ల ముల్లు మీద ఉంది. ఇన్నేళ్లలో వచ్చిన ప్రతిసారీ ఎంతసేపు ఉందో చెప్పగలను కానీ, అప్పుడు నా కూతురి ముఖం ఎలా ఉంటుందో నాకు సరిగా తెలియదు.

"ఈసారి టైము నేను చూస్తాను, నువ్వు చెల్లిని చూడు" అన్నాడు. వాడికి పదకొండేళ్లు. ఆ 5 నిమిషాల లెక్కను వాడి మీద పెట్టడానికి నాకు మనసొప్పదు. వద్దని చెప్పి, వాడి తల నిమిరాను.

లేచాక పాప కుడి చెయ్యి కొంతసేపు ఎప్పటిలాగే పట్టు తప్పి వేలాడింది. పుస్తకం ఎడమ చేత్తో లాక్కుని, ఆపిన పేజీనే వెతికి తీసి అన్నకు చూపించింది. ఇప్పుడు నా పక్కనే పడుకుని ఉంది. ఈ జబ్బులో నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం ఉందని తెలిసినప్పటి నుంచి వేరే గదిలో పడుకోబెట్టలేదు. రాత్రి మందు వేశాక నోటుపుస్తకం మళ్లీ తెరిచి, రెండో వరుస చివర ఇలా చేర్చాను: "ఎడమ కంట్లోంచి నీరు కారింది. అన్న చూశాడు."