పెన్‌డ్రైవ్‌లో చిక్కుకుపోయిన ప్రభ

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు రుద్రుల ప్రభలు, అంటే అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన శివుని ప్రభలు, చేరతాయని కోనసీమ వారికి చెప్పనవసరం లేదు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ నీళ్లలో దిగి, మనుషుల భుజాల మీద అవతలి గట్టుకు చేరే ఘట్టాన్ని ఒక ఏడాది మా లోకల్ కేబుల్ ఛానల్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. మొలలోతు నీటిలో వాలుతున్న ప్రభకు భుజం ఆనించిన వారిలో మా నాన్నగారు కొన్ని క్షణాలు స్పష్టంగా కనిపించారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆ తరువాత ఆయన మళ్లీ ప్రభ మోయలేదు.

ఆ ప్రసారాన్ని కేబుల్ బాక్సుకు పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేశాను. వానాకాలంలో పిడుగుకు బాక్సు కాలిపోతే ఆపరేటరు అదే రకం కొత్త బాక్సు ఇచ్చారు. అమ్మ అడిగిందని పెన్‌డ్రైవ్ పెడితే ఫైలు పేరూ తేదీ కనిపించాయి గాని బొమ్మ రాలేదు. కంప్యూటరులోనూ అంతే. చాలా బాక్సులు రికార్డు చేసిన దాన్ని తమలోనే ఉండే తాళంతో గుప్తీకరించి దాస్తాయి, కాబట్టి ఆ బాక్సు పోయిన రోజే తాళంచెవీ పోయినట్టు. ఈ సంగతి బాక్సు ఇచ్చేటప్పుడే చెప్పి ఉండవలసింది.

నిజానికి మా ఇంట్లో అంతకు ముందే హార్డ్‌డిస్కు ఉన్న రికార్డరు ఒకటి ఉంది. మా తమ్ముడు సింగపూర్ నుంచి తెచ్చాడు. అక్కడా టీవీ బొమ్మకు మనలాగే పాల్ పద్ధతి, 230 వోల్టుల కరెంటే కనుక ఇక్కడ ఇబ్బంది లేకుండా నడిచింది. కేబుల్ వైరు నేరుగా దానికే తగిలించేవాళ్లం. అమ్మ ఒక ఛానల్ చూస్తుంటే రికార్డరు తన ట్యూనరుతో మరొకటి పట్టుకునేది. గ్రామీణ ప్రాంతాల్లో పాత అనలాగ్ కేబుల్ ప్రసారాలు ఆపడానికి 2017 మార్చి 31 గడువు పెట్టారు. డిజిటల్ సిగ్నల్‌ను విప్పే పని బాక్సుదే అయ్యాక రికార్డరులోని ట్యూనరుకు పనే లేకుండా పోయింది. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో రెంటినీ కలిపాను. బాక్సులో ఏ ఛానల్ ఉంటే రికార్డరుకు అదే దిక్కు.

అసలు చిక్కు టైమరు దగ్గర వచ్చింది. రికార్డరు వేళకు మేలుకుంటుంది గాని బాక్సులో ఛానల్ మార్చలేదు. బాక్సు రిమోట్ సంకేతాన్ని అనుకరించే చిన్న దీపం రికార్డరుకు ఉన్నా, దాని జాబితాలో మా బాక్సు కోడ్ లేదు. ఒక శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం కోసం ముందుగానే ఛానల్ పెట్టి, అమ్మ పానకం, వడపప్పు పనిలో ఉంటుందని టైమరు పెట్టాను. పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. బాక్సు మళ్లీ మొదలై, ఆపరేటరు నిర్ణయించిన ఛానల్ దగ్గర ఆగింది. సాయంత్రం చూస్తే రెండు గంటలూ వస్తువుల అమ్మకం ప్రకటనలే. ఇప్పుడు బాక్సును ఇన్వర్టరు లైనుకు మార్చాను.

బొమ్మను డిజిటల్‌గానే పంపే హెచ్‌డీఎంఐ వైరుతో మంచి బొమ్మ వస్తుందని కొత్త రికార్డింగ్ పరికరం కొని చూశాను. కాపీ రక్షణ ఉన్న ఛానళ్లకు నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. హెచ్‌డీసీపీ అనే ఆ రక్షణ సినిమా దొంగ ప్రతులను ఆపడానికే పుట్టి ఉండవచ్చు, కాని ఇంట్లో తల్లికి చూపించుకునే కల్యాణాన్ని కూడా అదే అడ్డుకుంటుంటే కష్టంగా ఉంటుంది. ఏ కేబుల్ బాక్సయినా ఏ కేబుల్ ఆపరేటరు దగ్గరైనా పనిచేయాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. దానితో పాటు, చందా కట్టి చూసేవారు రికార్డు చేసుకున్నది బాక్సు మారినా తెరుచుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ప్రస్తుతం కనుమ ప్రసారాన్ని మూడు పిన్నుల వైరుతోనే పాత రికార్డరుకు ఎక్కిస్తున్నాను. బొమ్మ 576 గీతలకే పరిమితం, అంచులు కొంచెం మసక. అయినా డీవీడీ మీదకు తీస్తే ఏ డీవీడీ ప్లేయరులోనైనా ఆడుతుంది. పాత పెన్‌డ్రైవ్‌ను మాత్రం చెరపలేదు. తేదీ రాసిన కాగితం చుట్టి బీరువాలో ఉంచాను.