చిన్నబాబు ట్యూబులు

లైటు ఆర్పి పడుకున్నాక కూడా అదే మాట చెవిలో తిరుగుతోంది. "మన ఏరు మనకి తెలీదా వదినా?" భోజనాల దగ్గర చిన్నబాబు అన్నది. ఈయన నవ్వేసి చారు పోసుకున్నారు. అత్తయ్య అయితే తల కూడా ఎత్తలేదు.

మేమంతా ముందు అనుకున్నది కోలాడ్ ప్లాన్. మహారాష్ట్రలో కుండలిక నది మీద రాఫ్టింగ్, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో ఉరవడి మీద పోవడం. అక్కడ భీరా పవర్‌హౌస్ నుంచి పొద్దున్నే నీళ్లు వదులుతారు, ఆ నీటితో పాటే రాఫ్ట్‌లు దిగుతాయి. వెనక గైడ్ కూర్చుంటాడు, హెల్మెట్, జాకెట్ వాళ్లే ఇస్తారు. నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు తగ్గుతాయో తెలిసిన ఏరు అది. సెలవులు కూడా మాట్లాడేసుకున్నాం.

ఈ రోజు చిన్నబాబు కొత్త మాట తెచ్చాడు. అంత దూరం, అంత డబ్బు దేనికి, నాగావళి ఇంటి పక్కనే ఉండగా? లారీ ట్యూబులు కట్టుకుని రాయగడ దగ్గర చెకాగుడ వేలాడే వంతెన దగ్గర దిగి, పోయినంత దూరం పోదామట. వీడియో తీయడానికి ఫ్రెండ్ కెమెరా అడిగేశాడు. టీషర్టుల రంగు మీద గ్రూపులో గంటసేపు చర్చ. లైఫ్ జాకెట్ల మాట నేనెత్తితే "మోకాలి లోతు నీళ్లకి జాకెట్లా?" అన్నాడు.

నాకు మండిపోయింది అక్కడే. ఉరవడిగా పారే నీరు మోకాలి లోతున్నా చాలు. లేచి నిలబడబోతే పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీరు తోసేస్తుంది, తల కిందకి పోతుంది. అందుకే పడిపోయినవాళ్లు వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకి, కాలి వేళ్లు పైకి పెట్టుకుని, నీరు నెమ్మదించే దాకా నిలబడకూడదని నేర్పిస్తారు. చెక్‌డ్యామ్ ఇంకా మోసం. చూడ్డానికి చిన్న మెట్టులా ఉంటుంది. కానీ దూకిన నీరు కింద వెనక్కి తిరుగుతుంది, జాకెట్ వేసుకున్న మనిషిని కూడా వదలదు. వాలిపోయిన చెట్టూ అంతే. కొమ్మల మధ్య నుంచి నీరు పోతుంది గానీ మనిషి పోలేడు. ఇవన్నీ ఎవరు చూసి వచ్చారు? ఏ వంపులో ఏముందో ఎవరికి తెలుసు?

ఏరు మనదేనట. 2017 జులై వాడు మర్చిపోయాడా? మా నాన్న పెద్దత్త వాళ్లింటికని మునిగుడ వెళ్లారు, మర్నాడే వచ్చేస్తానని. వరదకి తేరుబాలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఫోన్లు కలిసేవి కావు. కలిసినప్పుడు నాన్న తన సంగతి చెప్పకుండా "ఇంట్లో బియ్యం ఉన్నాయా, వీధిలోకి నీళ్లొచ్చాయా" అని అడిగేవారు. అమ్మ ఫోను చేతిలో పెట్టుకునే వంట చేసేది, పెట్టుకునే నిద్రపోయేది. చివరికి ఆయన ఏవేవో వాహనాలు మారి, కొంత దూరం నడిచి, మోకాళ్ల దాకా ఎండిన బురదతో వచ్చారు. స్నానం చెయ్యకుండా ముందు పెరుగన్నం అడిగారు. ఆయన తింటున్న చప్పుడు కూడా నాకు గుర్తుంది. రైళ్లు మళ్లీ నడవడానికి నెల దాటింది. ఈ ఏరు పుట్టేది కలహండి కొండల్లో లఖ్‌బహాల్ దగ్గర. అక్కడ పడ్డ వాన మన పెరట్లో కనిపించదు, మన రేవులో కనిపిస్తుంది.

ఇంతవరకూ రాసి, వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. ఇప్పుడు కొంచెం వేరేగా అనిపిస్తోంది.

డబ్బు కట్టి కుండలికలో దిగితే గైడ్ చెప్పినప్పుడు తెడ్డు వేస్తాను, ఆపమంటే ఆపుతాను. ఆ నది గురించి నాకేమీ తెలియకుండానే తిరిగి వచ్చేస్తాను. చిన్నబాబుకి కనీసం తన ఊరి ఏటి వెంట పోవాలని ఉంది. ఆ కోరికని ఎలా తప్పుపట్టను? నాగావళి ఒడ్డున పుట్టి పెరిగి, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినప్పుడల్లా వంతెన మీద ఫోటో దిగి వచ్చేయడమే కదా మేం చేసింది. వాడి కోరిక మంచిదే, వరసే తిరగబడింది. ముందు గట్టు వెంబడి నడవాలి. నీరు తగ్గి బండలు బయటపడ్డప్పుడు చూడాలి. ఎక్కడ దిగాలి, ఎక్కడ బయటికి రావాలి, ఎక్కడ రాఫ్ట్ మోసుకుని ఒడ్డునే పోవాలి, రాసుకోవాలి. కయాక్ అనే సన్నటి చిన్న పడవ వేసేవాళ్లు ఎంత ఆరితేరినా తెలియని మలుపు ముందు ఆగి, ఒడ్డెక్కి చూసే దిగుతారు. కోలాడ్ వెళ్లి తెడ్డు పట్టడం, నీళ్లలో పడ్డవాళ్లకి తాడు సంచి విసరడం నేర్చుకుని రావాలి. నాగావళి ఆ తర్వాత, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని.

ఆదివారం వంతెన దగ్గర నుంచి నడుద్దాం రమ్మని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. అయినా ఆ "మోకాలి లోతు" మాటకి కోపం తగ్గలేదు. లారీ ట్యూబులు ఇంటికి తెస్తే గుమ్మం దాటనివ్వనని కూడా రాశాను.