మట్టి ట్రాక్ పిచ్చి పట్టిన మా వాడు

పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. కూచిపూడి ఎక్కడ నేర్పిస్తారు, మ్యాథ్స్‌కి ఏ ట్యూషన్ మంచిది, ఇలాంటివి అడిగితే పది మంది చెబుతారు. మా వాడికి పట్టింది స్ప్రింట్ కార్ల పిచ్చి, అంటే మట్టి ట్రాక్ మీద పందేలకి వాడే చిన్న రేసు కార్లు. దాని గురించి అడుగుదామంటే మనవాళ్లలో ఒక్కరూ దొరకలేదు.

మెకానిక్స్‌బర్గ్ దగ్గర విలియమ్స్ గ్రోవ్ అని అర మైలు మట్టి ట్రాక్ ఉంది, 1939 నాటిది. సీజన్‌లో శుక్రవారం రాత్రి రేసులు. వాడి క్లాస్‌మేట్ వాళ్ల నాన్న కారు నడుపుతాడు, తాత కూడా ఒకప్పుడు నడిపాడట. ఇక్కడ ఇలాంటి ఇళ్లలో పిల్లల్ని ఐదేళ్లకే క్వార్టర్ మిడ్జెట్ అనే బుల్లి రేసు కారు ఎక్కిస్తారు. ఆ వయసుకి మనం అక్షరాలు దిద్దించి ఫొటోలు తీసుకుంటూ ఉంటాం.

వాళ్లని చూసి తనూ నడుపుతానంటాడు మా వాడు. ఊరికే వద్దంటే వినే రకం కాదు వీడు. ఎందుకు వద్దో చెప్పమంటాడు, చెబితే అందులో తప్పులు పడతాడు. అందుకని ముందు ఆ బండి సంగతేమిటో నేర్చుకున్నాను, చాలావరకు వాడి దగ్గరే. డ్రైవరుతో కలిపి సుమారు 650 కిలోలు, అంటే మన ఆల్టో కంటే తేలిక, కానీ ఇంజిన్ 410 క్యూబిక్ అంగుళాల వి8, దాదాపు 900 హార్స్‌పవర్. బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు, క్లచ్ లేదు, గేర్లు మార్చడం లేదు. వెనక నుంచి ట్రక్కు తోస్తే స్టార్ట్ అవుతుంది! వెనక కుడి టైరు ఎడమదాని కంటే పెద్దది, దాంతో బండి తనంతట తనే ఎడమకి లాగుతుంది, ట్రాక్ మీద తిరిగేదీ ఎడమకే. మలుపులో వెనక భాగం జారుతుంటే డ్రైవరు స్టీరింగ్ కుడికి తిప్పి పట్టుకుంటాడు. పైన ఐదడుగుల చదరపు రెక్క ఉంటుంది, గాలి దాన్ని కిందకి అదిమి టైర్లకి పట్టు ఇస్తుంది. పల్టీ కొట్టినప్పుడు ఆ రెక్కే ముందు నలిగి దెబ్బని కొంత తీసుకుంటుంది.

పల్టీలు మామూలే. చక్రాలకి కవచం ఏమీ లేదు కాబట్టి ఒక బండి చక్రం పక్కబండి చక్రం మీదకి ఎక్కిందంటే గాల్లోకి లేస్తుంది. చుట్టూ రోల్ కేజ్, మెడని కాపాడే హాన్స్ పరికరం, బెల్టులు ఉంటాయి కాబట్టి చాలాసార్లు డ్రైవరు దులుపుకుని బయటికొస్తాడు. అన్నిసార్లూ కాదు. 2016లో నాక్స్‌విల్ నేషనల్స్ అనే పేరున్న స్ప్రింట్ కార్ల పోటీ గెలిచిన జేసన్ జాన్సన్ 2018లో విస్కాన్సిన్‌లోని బీవర్ డామ్ ట్రాక్ మీద ప్రమాదంలో పోయాడు. ఇంధనం మెథనాల్, పగటి వెలుగులో దాని మంట కంటికి దాదాపు కనిపించదు. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం 2014లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది. కెవిన్ వార్డ్ జూనియర్, ఇరవయ్యేళ్ల పిల్లాడు, కారు గోడకి కొట్టుకుని ఆగిపోతే కోపంతో దిగి ట్రాక్ మీదకి నడిచాడు, అదే రేసులో ఉన్న పేరుమోసిన రేసర్ టోనీ స్టీవర్ట్ కారు తగిలి చనిపోయాడు. కారులోనే ఉండుంటే బతికేవాడు. కోపం సంగతి మా వాడితో చాలాసేపు మాట్లాడాను, ఎందుకంటే అది మా ఇంట్లోనూ ఉంది.

ఒంగోలు నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో ఈ గొడవ విని, "ఆ బురద బండ్లేంట్రా నాన్నా, చదువుకోక" అన్నారు. వాడు వెంటనే, "నాయనమ్మా, పోయినసారి నేనొస్తే బాబాయి నన్నూ చెల్లినీ ఒకే బైక్ మీద హెల్మెట్ లేకుండా బీచ్‌కి తీసుకెళ్లాడు, అప్పుడు మీకెవరికీ టెన్షన్ రాలేదేం?" అన్నాడు. ఆవిడ మాట మార్చి అన్నం తిన్నావా అని అడిగారు. నాకూ జవాబు దొరకలేదు. అలవాటైన ప్రమాదం మనకి ప్రమాదంలా కనపడదు, అంతే. ఆ క్లాస్‌మేట్ వాళ్లమ్మ భర్త రేసుకి వెళ్తుంటే శాండ్‌విచ్‌లు కడుతుంది, కొడుకు హైవే మీద కారు నడుపుతూ ఫోన్ చూస్తాడేమో అని మాత్రం వణికిపోతుంది.

ప్రస్తుతానికి పిట్‌లోకి, అంటే రేసు కార్లని సిద్ధం చేసే చోటికి, వెళ్లే ఫారం మీద సంతకం పెట్టాను. అక్కడ వాడి పని కారుకి అంటిన బురద గీకడం, టైర్లు దొర్లించడం. ఇంట్లో కంచం తియ్యనివాడు అర్ధరాత్రిదాకా బురద గీకుతున్నాడు! నడిపే ఫారం మీద పెట్టలేదు. 600 సీసీ బైక్ ఇంజిన్ పెట్టిన మైక్రో స్ప్రింట్ అయితే పదహారు నిండాక ఆలోచిద్దాం అంటారు మా ఆయన. ఎవరినడిగి మాటిచ్చారని ఆయనతో నాకు ఇంకా తగువే.